ఎండిన కాఫీ మొక్కని తవ్వి చూడాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగ పాఠం)

పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్ళు కార్యదర్శి గారు చదివేశారు, నేను మళ్ళీ చదవను. నాకిచ్చిన పది నిమిషాలూ కాఫీ మొక్క ఎండిపోవడం గురించే చెప్తాను. మా సంఘంలో ఈ ఏడాది అన్నిటికన్నా ఎక్కువసార్లు మాట్లాడుకున్నది దీని గురించే.

మన పాడేరు కొండల్లో పోడు తగ్గించుకొని సిల్వర్ ఓక్ నీడలో కాఫీ వేసుకున్నాం, ఓక్ చెట్టుకి మిరియాల తీగ ఎక్కించాం. కాఫీ నాటిన మూడు నాలుగేళ్ళకి గాని పళ్ళు చేతికి రావు. కాపుకొచ్చిన మొక్క ఎండిందంటే ఒక్క ఏడాది పంట పోయినట్టు కాదు, అన్నేళ్ళ చాకిరీ పోయినట్టు. తోట మీద తెచ్చిన అప్పు మాత్రం కట్టాల్సిందే కదా.

మొక్క పసుపు తిరగగానే యూరియా వెయ్యమంటారు ఇంట్లో మగాళ్ళు. కొట్టువాడైతే ఏదో ఒక పొడి చేతిలో పెడతాడు. మొక్కకి ఏటయిందో ఎవరూ చూడరు. పసుపుకి కారణాలు చాలా ఉంటాయి. కాపు ఎక్కువై కొమ్మ చివర్లు ఎండొచ్చు, వేరు దగ్గర నీరు నిలవొచ్చు. అవి బాగుచేసుకోవచ్చు. మొక్కని చంపేవాటిలో మనం ముఖ్యంగా గుర్తుపట్టాల్సినవి రెండు. ఒకటి కాండం తొలిచే పురుగు, మనం బోరర్ అంటాం. రెండోది వేరుకి పట్టే బూజు తెగులు. పైన ఆకు చూస్తే రెండూ ఒకేలాగ ఉంటాయి. చెయ్యాల్సిన పని మాత్రం వేరు.

ముందు కాండం మీద చెయ్యి వేసి పైనుంచి కిందికి తడమండి. బోరర్ ఉంటే బెరడు మీద ఉబ్బిన గీతలు చేతికి తగులుతాయి. అక్కడ కత్తితో చెక్కితే లోపల సొరంగం, దాన్నిండా పొడి ఉంటాయి. మొక్కని వంచితే అక్కడికే విరిగిపోతుంది. ఎండ ఎక్కువ తగిలే చోట, నీడ చెట్లు నరికిన చోట ఇది ఎక్కువ. ఇలాంటి మొక్క పీకాక చాలామంది వంటచెరకని ఇంటికి మోసుకొస్తారు, అది వద్దు. కట్టెలోని పురుగు రెక్కలొచ్చి మళ్ళీ తోటకే పోతుంది. అక్కడికక్కడే కాల్చెయ్యాలి, లేదంటే పది రోజులు నీళ్ళలో ముంచి ఉంచాకే ఇంటికి తేవాలి.

కాండం నున్నగా ఉండి, మొక్క మాత్రం వాడిపోతుంటే అప్పుడు గునపం పట్టాలి. మొదలు దగ్గర మట్టి తీసి, బెరడు కొంచెం గీకి చూడండి. ఆరోగ్యంగా ఉన్న మొక్కకి లోపల చెక్క తెల్లగా ఉంటుంది. గులాబీ, గోధుమ కలిసిన రంగు కనిపిస్తే అనుమానించాలి. అది ఫ్యుజేరియం అనే బూజు వల్ల వచ్చే తెగులు. కర్ణాటకలోని సంతవేరి ఊరి పేరుతో దాన్ని పిలుస్తారు. మనం వేసే అరబికాకే అది పడుతుంది. మొక్క ఒక్కసారిగా చావదు. ఆకు మెల్లగా పసుపెక్కి, రాలి, చివరికి కర్రలాగ నిలబడుతుంది.

ఇంకా మూడు రకాలున్నాయి. వేరు పీకి చూస్తే మట్టి, చిన్న రాళ్ళు గట్టిగా అంటుకుని, కడిగినా పోకుండా ఉంటే అది గోధుమ రంగు వేరు తెగులు. ఆ వేరు చీలిస్తే చెక్కలో గోధుమ రంగు వంకర గీతలుంటాయి. కడిగాక ఎర్రటి పొర కనిపిస్తే ఎర్ర వేరు తెగులు, నల్లటి ఉన్నిలాంటి బూజు పట్టి ఉంటే నల్ల వేరు తెగులు. పేర్లు గుర్తులేకపోయినా పర్వాలేదు, రంగు గుర్తుంటే చాలు.

ఎండిన మొక్కని చూసినప్పుడు దాని పక్కన ఏ చెట్టు మొద్దు ఉందో కూడా వెతకండి. నీడ చెట్టు నరికి మొద్దు వదిలేస్తే బూజు ముందు దానిలో పెరిగి, వేరుకి వేరు తగిలి కాఫీకి వస్తుంది. అందుకే వేరు తెగులు మొద్దు చుట్టూ గుంపుగా పెరుగుతుంది. బోరర్ అయితే అక్కడొకటి ఇక్కడొకటి. మా ఊళ్ళో ఒక అక్క తోటలో వరసగా మూడు మొక్కలు పోయాయి. నలుగురం వెళ్ళి తవ్వితే మధ్యలో పాత మొద్దు బయటపడింది.

ఫోన్లలో ఉగాండా వీడియోలు చూసి కొందరు బెదిరిపోతున్నారు. అక్కడ 1993 నుంచి రోబస్టా తోటల్ని చంపిన ఎండు తెగులు వేరే, అది ఆఫ్రికాలోనే ఉంది. మన తోటలో ఉన్నదేదో మనం చూసుకుందాం.

వేరు తెగులని తేలితే మొక్కని వేళ్ళతో సహా పీకి ఆ గుంటలోనే కాల్చాలి. తోటంతా ఈడ్చుకుంటూ పోకూడదు. మొద్దు కూడా తియ్యాలి. గుంటలో సున్నం వెయ్యాలి, వెంటనే కొత్త మొక్క పెట్టకూడదు. చుట్టూ రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తవ్వాలి. తవ్విన మట్టి లోపలి వైపే పొయ్యాలి. కష్టమంతా ఇక్కడే ఉంది. పచ్చగా కనపడే పక్క వరస కూడా కందకం లోపలే ఉండాలి, ఎందుకంటే దాని వేరుకి అప్పటికే అంటుకుని ఉండొచ్చు. ఆ వరస ఒక్కోసారి పక్కింటివాళ్ళది అవుతుంది. "మా మొక్కకేం కాలేదు, మా గట్టు మీద నువ్వెందుకు తవ్వుతావ్" అని తగువు. మా ఊళ్ళోనూ అదే జరిగింది. ఆ అక్క ఒక్కతే అడిగితే ఒప్పుకోలేదు. సంఘం మొత్తం వెళ్ళి, చీల్చిన వేరు ఆ ఇంటి పెద్దాయన చేతిలో పెట్టాక పార ఆయనే తెచ్చాడు.

కలుపు తీసేది, పళ్ళు ఏరేది మనమే కాబట్టి మొక్క వాడడం ముందు కనపడేది మనకే. మా సంఘంలో ఇప్పుడు నెల మీటింగులో పొదుపు పుస్తకం తెరిచే ముందే ఒక మాట అడుగుతున్నాం: ఎవరి తోటలో ఏ మొక్క వాడింది, ఏ మొద్దు పక్కన? రాసుకుని, నలుగురు వెళ్ళి చూస్తారు. తేలకపోతే వేరు ముక్క, మొదలు ముక్క కాయితంలో చుట్టి ఆర్.వి. నగర్ కాఫీ పరిశోధన కేంద్రానికి పంపుతాం. ప్లాస్టిక్ సంచిలో కట్టకండి, దారిలోనే కుళ్ళిపోతుంది.

సమాఖ్యకి ఒక కోరిక. కందకం తవ్వినవాళ్ళకి సున్నం బస్తాల ఖర్చు, తీసేసిన మొక్కల బదులు నారు ఖర్చు గ్రామ సంఘం నిధి నుంచి చిన్న అప్పుగా ఇవ్వడానికి ఈ సభలోనే తీర్మానం రాయండి. వానలు పడేలోపు మా దగ్గర ఇంకో రెండు తోటల్లో తవ్వాల్సి ఉంది.