కణముల ఆకుమడి

గోదావరి డెల్టా రైతు ఆకుమడి పోసిన నాటినుండి ప్రతి ఉదయము గట్టున నిలిచి నారు ఎదుగుదల చూచుకొనును. నారు లేతదైనను, ముదిరినదైనను ఊడ్పు చెడును. ఇట్టి ఆకుమడి యొకటి నేడు వైద్యుల ప్రయోగశాలలోను కలదు. మేము నేడు శ్రోతలకు విన్నవింపదలచినది దానిని గూర్చియే.

నల్లగ్రుడ్డు తెల్లగ్రుడ్డుతో కలియు అంచున మూలకణములు నివసించును. కంటి పైపొరను నిత్యనూతనముగా నిలుపునవి ఇవియే. తాంబూలపు సున్నము కంట పడెనా, ఇవి మాడిపోవును, చూపు మసకబారును. అప్పుడు రోగి మంచికంటి నుండి చిన్న తునక తీసి, కాన్పువేళ లభించు ఉమ్మనీటి పొరపై 10 నుండి 14 దినములు పెంచి, చెడిన కంటికి నాటుదురు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2001లో ఈ చికిత్స నారంభించినది. 2011లో ప్రకటించిన లెక్కలో 200 మంది రోగులకు నూటికి 71 వంతున ఫలించినది. సంస్థకు పేరిచ్చిన ప్రసాద్ గారు ఏలూరు చెంతనున్న సోమవరప్పాడు బిడ్డయే.

మరి ఈ మడికి కావలి యెవరు? కణములకు 37 డిగ్రీల వెచ్చదనము, గాలిలో 5 శాతము కార్బన్ డయాక్సైడు కావలెను. పెట్టె తలుపు తెరచినపుడెల్ల ఆ వేడిమి చెదరును. సూక్ష్మజీవులు చొరబడు భయమును కలదు. కావున లోపలనే సూక్ష్మదర్శినిని, కెమేరాను అమర్చుచున్నారు. నియమిత కాలమున కొకసారి కెమేరా చిత్రము తీయును. కణము లెంత మేర కప్పినవో, ఎంత వేగమున విస్తరించుచున్నవో కంప్యూటరు లెక్కగట్టును. అర్ధరాత్రి ఎదుగుదల మందగించినను తెలియును.

అయినను, మడి పచ్చగా నున్నంతనే విత్తనము మేలైనదనగలమా? 2010లో ఇటలీ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, పెరుగ శక్తిగల కణములందు పి63 అను ప్రోటీను మెండుగా గలవి 3 శాతమునకు మించినచోట నూటికి 78 మందికి చికిత్స ఫలించినది. మించనిచోట 11 మందికే. కణములకు రంగు పట్టించి చూచినగాని ఈ భేదము తేలదు. కప్పిన మేరను కొలుచు కెమేరాకు రెండును ఒక్కటే.

2012లో హైదరాబాదు వైద్యులే మరియొక మార్గము చూపిరి. నారు పోయక నేరుగా వెదజల్లినట్లు, తునకను ముక్కలుగా కోసి కంటిపైననే అమర్చుదురు. కణములు అచ్చటనే పెరుగును. ఇందు ప్రయోగశాలయే అక్కరలేదు. మడి పోయక తప్పనిచోట మాత్రము నిద్రలేని కావలి మేలే. కాని నాటదగునా కాదా యని తేల్చు భారము వైద్యునిదే.

అన్నిటికన్న ముందు మన చేతిలోని పని యొకటి కలదు. సున్నమును పిల్లల కందకుండ నుంచవలెను. కంట పడినచో తక్షణమే మంచినీటితో ఎడతెగక కడిగి, ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను.