పాత కాలనీలు - కొత్త కాపురములు

హైదరాబాదులోని ఏ పాత కాలనీలో నడచినను మనకొక దృశ్యము కనబడును. నిన్నటివరకు ఒక డాబా యిల్లును, దాని వెనుక వేపచెట్టును ఉన్నచోట నేడు ఐదంతస్తుల మేడ లేచుచుండును. ప్రక్కయింటి పెద్దలు తమ వాకిట ఎండపొడ లేదని, బోరుబావి అడుగంటినదని వగతురు. ఆ మేడలో ఫ్లాటు కొన్న దంపతులు ఉద్యోగమునకు దగ్గరగా, బిడ్డ బడికి నడచిపోవునంత దూరమున ఇల్లు దొరికినదని సంతసింతురు. ఉభయుల మాటయు నిజమే. ఈ రెండు నిజములకు పొత్తు కుదుర్చుట గృహనిర్మాణ నిబంధనల పని.

మన నగరమున ఈ నిబంధనల కథ నీటితో ముడివడియున్నది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది జనులను బలిగొన్నది. పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు పేటలను విప్పి, వీధులను వెడల్పుచేసి, సామాన్యులకు గాలియు వెలుతురును గల ఇండ్లు కట్టించినది. ఇంటికిని ఇంటికిని నడుమ ఎడము విడువవలెనన్న నియమము ఊరక పుట్టినది కాదు. రోగమునుండియు, అగ్నినుండియు మనలను కాపాడుటకై పుట్టినది.

ఇటీవలి పెద్ద మార్పు 2006 మార్చిలో వచ్చినది. అంతకు పూర్వము అన్ని అంతస్తుల వైశాల్యము కలిపి, స్థలమునకు ఇన్ని రెట్లు మించరాదని లెక్క యుండెడిది. ఆ యేట హైదరాబాదులో ఆ లెక్కను తొలగించి, స్థలము పరిమాణమును, ఎదుటి రోడ్డు వెడల్పును, చుట్టును విడువవలసిన ఖాళీని బట్టి ఎత్తును నిర్ణయించిరి. 2012 నియమములు ఈ పద్ధతిని అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఇతర పట్టణములకును వర్తింపజేసినవి. 2020లో తెలంగాణ చట్టము 75 చదరపు గజములవరకు స్థలమున చిన్న ఇల్లు కట్టుకొనువారికి అనుమతి బాధ తప్పించి, నమోదు చాలునన్నది. చిన్న సంసారమునకు ఇది గొప్ప మేలు.

అయినను ఒక లోపము కలదు. నిబంధన స్థలమును కొలుచుచున్నది. వీధిని మాత్రము వెడల్పుకే కొలుచుచున్నది. ఒక కుటుంబమున్న చోట అంతస్తునకు రెండు చొప్పున ఐదంతస్తులలో పది కుటుంబములు చేరినవనుకొందము. నీటి వాడకము, మురుగు, వాహనములు ఇంచుమించు పదింతలగును. వీధి క్రింది గొట్టము మాత్రము ఆనాటిదే. వాన నింకించుకొను పెరడు సిమెంటు పాలగును. 2020 అక్టోబరు వానలకు నగరమున అనేక కాలనీలు నీట మునిగినప్పుడు, కాలువలు కుదించుకుపోయిన చోట్ల ఇంటి సరిహద్దును నీరు లెక్కచేయదని మనము కన్నులార చూచితిమి.

అట్లని తలుపులు మూయుదమా? మూసినచో అద్దెలు పెరుగును. నర్సు, ఉపాధ్యాయుడు, దుకాణపు గుమాస్తా ఊరి వెలుపలికి పోయి, దినమునకు రెండు మూడు గంటలు బస్సులో గడుపవలసి వచ్చును. ఊరి చుట్టునున్న పొలములు ప్లాట్లగును. తమ పెరటిలో కొడుకునకో కూతునకో మరియొక వాటా కట్టదలచిన ముసలి దంపతుల కోరికయు అక్రమ మనిపించుకొనును.

మాకు తోచిన మార్గము నడిమిది. ఇరుకు సందులలో రెండు మూడు వాటాల ఇండ్లను సులభముగా అనుమతింపవలెను. పెద్ద మేడలను వెడల్పు రోడ్ల ప్రక్కకు మరల్పవలెను. ప్లానునకు సంతకము పెట్టుటకు ముందు ఆ వీధి మురుగుగొట్టము, వాననీటి కాలువ ఎంత భారము మోయగలవో లెక్కింపవలెను. కట్టువారినుండి వసూలుచేసిన రుసుము ఆ కాలనీ కాలువలకే వెచ్చింపవలెను. ఇంకుడుగుంత కాగితముమీద కాక నేలమీద ఉన్నదో లేదో చూచినపిమ్మటనే గృహప్రవేశమునకు అనుమతి నీయవలెను.

ఈ వానకాలమున మన వీధిలో నీరు ఎటు పోవుచున్నదో ఒక్కసారి గమనింతము. కాలనీ సంఘము చేయవలసిన మొదటి విజ్ఞప్తి అక్కడనే దొరకును. కొత్తగా వచ్చు కాపురము మనకు శత్రువు కాదు. ఆ కాపురమునకు చోటు చూపి, కాలువను మరచిన నిబంధననే మనము సరిదిద్దుకొనవలెను.