చుక్కల గురించి చెప్పే వంతు మనది

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను యువతకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉద్యోగాల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలో ఉన్నారు. నేను చెప్పేది జీతం లేని ఒక పని గురించి. సైన్సు ప్రదర్శనల్లో అంతరిక్షం, ఖగోళం విభాగాల దగ్గర వాలంటీరుగా నిలబడి, వచ్చినవాళ్లకు వివరించే పని. కొన్నాళ్లు ఆ పని చేశాను కాబట్టి, మన పిల్లలు ఆ పనిలోకి ఎందుకు రావాలో చెప్పగలను.

మన తిరుపతిలో అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. 1993లో మొదలైంది. కోల్‌కతా నుంచి నడిచే జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలి కింద దేశమంతటా ఉన్న కేంద్రాల్లో ఇదొకటి. మీలో ఎంతమంది లోపలికి వెళ్లారు? చేతులెత్తండి. సరే, కొన్ని చేతులే లేచాయి. వెళ్లిన వాళ్లలో చాలామంది బడి వాళ్లు తీసుకుపోతే వెళ్లుంటారు. వరసలో నిలబడి, బటను నొక్కి, లైటు వెలిగితే నవ్వి, వెనకవాడు తోస్తే ముందుకు జరిగి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. యంత్రం ముందు పది సెకన్లు ఆగే పిల్లవాణ్ని ఒక నిమిషం ఆపగలిగేది మనిషే. ఆ మనిషే వాలంటీరు.

ఒక ఉదాహరణ చెబుతాను. అంతరిక్ష విభాగాల్లో తరచుగా ఒక బరువు యంత్రం పెడతారు. దానిమీద నిలబడితే చంద్రుడి మీద, అంగారకుడి మీద, గురుగ్రహం మీద మీ బరువు ఎంతో చూపిస్తుంది. ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి చంద్రుడి మీద 10 కిలోలే తూగుతాడు. అంగారకుడి మీద సుమారు 23. గురుగ్రహం మీద నిలబడడానికి గట్టి నేల లేదు గానీ, ఉంటే 140 కిలోలు దాటుతాడు. ఒకరోజు మారుమూల బడి నుంచి ఒక గుంపు వచ్చింది. వెంట వచ్చిన పెద్దమనిషి నా చెవిలో, "వీళ్లకు ఇవన్నీ ఎక్కవు, బటన్లు నొక్కించి పంపేయండి" అన్నాడు. ఆయన మాట ముగిసిందో లేదో, ఒక తండా పిల్లవాడు యంత్రం మీద నుంచే అడిగాడు: "అన్నా, చంద్రుడి మీదికి పోతే మా నాయన ఒకేసారి ఆరు బస్తాలు మోస్తాడా?"

ఆ ప్రశ్న విలువ ఎంతో చూడండి. బస్తాలు మోసే నాయన ఉన్న పిల్లవాడికే అది తడుతుంది. నేను చెప్పిన జవాబు ఇది. "మోస్తాడు. అక్కడ లాగే బలం ఆరో వంతే కాబట్టి ఎత్తడం తేలిక. కానీ బస్తాలో ఉన్న బియ్యం మాత్రం తగ్గదు. ఆరు బస్తాలతో పరుగెత్తి ఒక్కసారిగా ఆగాలంటే ఇక్కడ ఎంత కష్టమో అక్కడా అంతే కష్టం. బస్తాలు ముందుకు లాక్కుపోతాయి." పిల్లవాడు కాసేపు ఆలోచించి, "అయితే బరువు వేరు, సరుకు వేరు" అన్నాడు. భౌతికశాస్త్రంలో బరువుకూ ద్రవ్యరాశికీ తేడా అని ఒక పాఠం ఉంది. చాలామంది ఇంటర్మీడియట్ దాకా దాన్ని బట్టీపట్టే రాస్తారు. వాడు తన ఇంటి మాటలో రెండు ముక్కల్లో తేల్చేశాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నేను చెప్పదలచుకున్నది ఇదే. సైన్సు మన పిల్లలకు ఎక్కకపోవడం కాదు. వాళ్ల మాటలో, వాళ్ల బతుకులోని వస్తువులతో చెప్పేవాళ్లు అక్కడ నిలబడడం లేదు. గోర్ బోలీలో ఒక్క మాట పలికితే తండా పిల్లల ముఖం ఎలా విప్పారుతుందో నేను చూశాను. ఎరుకల మాటలో పలకరిస్తే వెనక నక్కిన పిల్ల ముందుకొస్తుంది. ఆ పని మీరు చేయగలరు. మీ బదులు ఇంకెవరూ చేయలేరు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి చూద్దాం. శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్లు అక్కడి నుంచే ఎందుకు ఎగురుతాయని సందర్శకులు ఎప్పుడూ అడుగుతారు. దానికి మంచి జవాబుంది. తూర్పున సముద్రం ఉంది కాబట్టి రాకెట్ నుంచి విడిపోయిన భాగాలు జనం మీద పడవు. ఆ చోట భూమి తన చుట్టూ తాను తిరుగుతూ గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఊరికే దక్కుతుంది. ఈ రెండూ చెప్పాక మూడో కారణంగా, అక్కడ జనసంచారం తక్కువ అని కూడా చెబుతారు.

ఆ తక్కువ జనం ఎవరు? యానాదులు. ఒకపక్క పులికాట్ సరస్సు, ఇంకోపక్క బంగాళాఖాతం, మధ్యలో అడవి. దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని, చేపలు పట్టుకుని, ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో తెలుసుకుని తరతరాలుగా అక్కడ బతికినవాళ్లు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. చాలా కుటుంబాలు ఆవాసాలు వదలాల్సి వచ్చింది. కొందరు అక్కడే కూలి పనుల్లో కుదురుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 మన దేశపు ఉపగ్రహాన్ని మన నేల నుంచే కక్ష్యలో పెట్టింది. 2023 జులై 14న చంద్రయాన్-3 బయల్దేరింది కూడా ఆ నేల మీద నుంచే.

ఇది ఎవరినో తిట్టడానికి చెప్పడం లేదు. చంద్రయాన్ దిగినప్పుడు మీలాగే నేనూ చప్పట్లు కొట్టాను. నేను అడిగేది ఒక్కటే. అంతరిక్ష ప్రదర్శన దగ్గర శ్రీహరికోట కథ చెప్పే ప్రతిసారీ, ఆ కథలో యానాదుల పేరు కూడా ఉండాలి. అది ఎవరో దయతలచి రాయాల్సిన వాక్యం కాదు. మన పిల్ల అక్కడ నిలబడి, రాకెట్ నమూనా చూపిస్తూ, "ఈ నేల మీద ముందు బతికింది మా తాతలు" అని సహజంగా చెప్పాల్సిన మాట.

శ్రీహరికోట ఒక్కటే కాదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వాళ్ల రాడార్ ఉంది. 1,024 యాంటెన్నాలు చేనులో పైరు నాటినట్టు వరసలుగా నిలబడి, పైన గాలులు ఎటు వీస్తున్నాయో కనిపెడుతుంటాయి. చిత్తూరు దాటి తమిళనాడులో అడుగుపెడితే జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. 1986 నుంచి అక్కడ 2.34 మీటర్ల అద్దమున్న టెలిస్కోపు పనిచేస్తోంది. ఆ కొండలు కూడా మలయాళి అనే గిరిజనులవే. అంటే ఆకాశాన్ని చూసే పెద్ద పెద్ద కళ్లన్నీ మన చుట్టూనే, మనవాళ్ల నేల మీదే ఉన్నాయి. వాటిలో ఏం కనిపిస్తోందో మన ఇళ్లకు వచ్చి చెప్పేవాళ్లే తక్కువ.

ఆకాశం మనకు కొత్తదా అంటే అదీ కాదు. తెల్లవారుజామున పనికి లేచే అవ్వకు గడియారం అక్కర్లేదు, వేగుచుక్క చాలు. గుంపుగా మెరిసే చుక్కల్ని పిల్లలకోడి అన్నాం. మధ్య భారతంలో గోండుల ఆకాశ కథల్ని శాస్త్రవేత్త మయాంక్ వాహియా, ఆయనతో పాటు గణేశ్ హల్కరే ఊరూరా తిరిగి సేకరించారు. మనం సప్తర్షులు అని పాఠంలో చదివే ఏడు చుక్కల్లో నాలుగింటిని గోండులు ముసలమ్మ మంచం అంటారు. తోకలోని మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోవాలని చూసే దొంగలు. వాళ్లిద్దరూ బంజారాల ఆకాశ జ్ఞానాన్ని కూడా నమోదు చేశారు. మన సుగాలి తండాల్లో, ఎరుకల ఇళ్లలో, యానాది గుడిసెల్లో ఉన్న కథల్ని మనమే అడిగి రాసుకోవాలి. అవ్వలు వెళ్లిపోతే అవీ వెళ్లిపోతాయి.

అయితే ఒక జాగ్రత్త. కథ వేరు, కొలత వేరు. వేగుచుక్క నిజానికి చుక్క కాదు, సూర్యుడి వెలుగు పడి మెరిసే శుక్రగ్రహం. పిల్లలకోడి నుంచి మన కంటికి చేరే వెలుగు బయల్దేరి దాదాపు 440 ఏళ్లయింది. చంద్రగిరి కోట విజయనగర రాజుల చేతుల్లో ఉన్న కాలం నాటి వెలుగు అది. ఈ మాట చెబితే అవ్వ కథ చిన్నబోదు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పాలి. హవాయి దీవుల్లో హీలో అనే ఊళ్లో 2006లో ఇమిలోవా అనే ఖగోళ కేంద్రం తెరిచారు. అక్కడ మౌనా కేయా కొండ మూలవాసులకు పవిత్రం, శాస్త్రవేత్తలకు టెలిస్కోపుల చోటు. దాని మీద పెద్ద గొడవలే జరిగాయి. అయినా ఆ కేంద్రంలో వివరాలు హవాయి భాషలోనూ ఇంగ్లిషులోనూ ఉంటాయి. చుక్కల్ని చూసి సముద్రాలు దాటిన పూర్వీకుల నావల కథా ఉంటుంది, టెలిస్కోపుల కథా ఉంటుంది. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాకూడదు?

రాత్రి గురించి కూడా ఒక మాట. నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టి, 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని కింద పేరెక్కిన ఎరుకల కుటుంబాలు పోలీసులకు హాజరు చెప్పుకోవాల్సి వచ్చేది. రాత్రి మనిషి ఇంట్లో లేకపోతే అదే నేరం. దేశమంతా ఆ చట్టం పోయింది 1952లో. అలాంటి ఇంటి మనవరాలు రాత్రి ఎనిమిదింటికి టెలిస్కోపు పక్కన నిలబడి, వరసలో ఉన్న పదిమందికి శనిగ్రహ వలయాలు చూపిస్తుందనుకోండి. దాని విలువ ఎంతో నేను వేరే చెప్పాలా?

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. కాలేజీలో చదివేవాళ్లు గుర్తింపు కార్డు, ప్రిన్సిపాల్ ఉత్తరం తీసుకుని విజ్ఞాన కేంద్రం ఆఫీసుకు వెళ్లండి. వాలంటీరుగా గానీ, సెలవుల్లో శిక్షణకు గానీ అవకాశం ఉందా అని అడగండి. ఒకసారి లేదంటే ఆకాశ దర్శనం జరిగే రోజుల్లో సాయానికి వస్తామని చెప్పండి. సైన్సు గ్రూపే చదివి ఉండాలని భయపడొద్దు. ఒక ప్రదర్శన వస్తువును ఎంచుకుని, అది ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పగలిగేంత నేర్చుకుంటే చాలు. తర్వాత రెండోది. సాయంత్రం కార్యక్రమాలకు ఆడపిల్లలు ఒంటరిగా రాకుండా, ముగ్గురు నలుగురు కలిసి రండి. తిరిగి ఇంటికి చేర్చే బాధ్యత మన సంఘం తీసుకోవాలని పెద్దల్ని ఇక్కడే అడుగుతున్నాను.

నిలబడ్డాక గుర్తుంచుకోవాల్సినవి మూడు. ముందు చెప్పొద్దు, అడగండి. గాలి లేనిచోట రాకెట్ దేన్ని తోసి ముందుకు పోతుంది అని అడిగితే పిల్లలు తల గోక్కుంటారు. అప్పుడు బెలూన్ ఊది వదలండి. లోపలి గాలి వెనక్కి పోతే బెలూన్ ముందుకు పోతుంది. రాకెట్ కూడా తన లోపలి మంట వాయువునే వెనక్కి తోస్తుంది, దానికి బయటి గాలితో పనిలేదు. రెండోది, తెలియని దానికి తెలియదు, కనుక్కుని చెబుతాను అనండి. మూడోది ప్రాణం లాంటిది. టెలిస్కోపులోంచి గానీ, బైనాక్యులర్‌లోంచి గానీ, ఉత్త కంటితో గానీ సూర్యుణ్ని చూడనివ్వొద్దు. క్షణంలో కన్ను పోతుంది. సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేసి చూపించాలి.

కేంద్రం దాకా రాలేని ఊళ్లున్నాయి. అక్కడికి మనమే వెళ్దాం. బస్సులో సైన్సు ప్రదర్శన పెట్టి పల్లెలకు తీసుకెళ్లడం మన దేశంలో కోల్‌కతా నుంచి 1965లోనే మొదలైంది. మనకు బస్సు కూడా అక్కర్లేదు, ఒక కర్ర చాలు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్ చివరి వారంలో ఒకరోజు, ఆగస్టు మధ్యలో ఒకరోజు. పన్నెండుంపావు ప్రాంతంలో నిలువుగా నాటిన కర్ర నీడ దాని కిందే కలిసిపోతుంది. దారానికి రాయి కట్టి కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూసుకోండి. ముందు రోజు, ఆ రోజు, మరుసటి రోజు నీడ కొసకు గుర్తులు పెట్టించండి. ఢిల్లీలో ఉన్నవాళ్లకు ఈ నీడలేని రోజు ఏడాదిలో ఒక్కసారి కూడా రాదు. మన తండాలో, మన కాలనీలో వస్తుంది.

ఈరోజు ఆగస్టు 9, మన రోజు. మరో వారంలో నీడలేని రోజు. 23న చంద్రయాన్-3 దిగిన గుర్తుగా జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఈ రెండు వారాల్లో మీలో ఒక్కొక్కరు ఒక పని చేయండి. ఒకరు విజ్ఞాన కేంద్రం ఆఫీసు మెట్లెక్కి అడగండి. ఒకరు మబ్బు లేకపోతే మీ వాడలో కర్ర నాటండి. ఒకరు మీ అవ్వ దగ్గర కూర్చుని చుక్కల పేర్లు రాసుకోండి. సభ ముగిశాక నేను ఆ చెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఎవరు ఏ పని చేస్తారో వచ్చి పేరు రాయించండి.