గురక పెట్టి పడుకున్నాడంటే బాగా నిద్రపోయాడని కాదు! బండి తోలే వాళ్ళ ఇంట్లో ఉన్న మీకోసం

ఈరోజు ఎపిసోడ్ మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఉండే వాళ్ళ కోసం. మీ ఇంట్లో నాయనో, అన్నో, మామో లారీ గానీ, క్యాబ్ గానీ, టమోటా లోడు బండి గానీ తోలుతుంటే దయచేసి చివరిదాకా వినండి. టాపిక్ స్లీప్ ఆప్నియా. అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం.

2021 ఫిబ్రవరి 14 చాలామందికి గుర్తుండే ఉంటుంది. మదనపల్లె నుంచి అజ్మీర్ దర్గాకు బయల్దేరిన మినీ బస్సు తెల్లవారుజామున కర్నూలు జిల్లా వెల్దుర్తి దగ్గర డివైడర్ దాటి, అవతల వస్తున్న లారీని గుద్దేసింది. 14 మంది చనిపోయారు, నలుగురే బతికారు. డ్రైవర్ కునుకు తీసి ఉండొచ్చని అప్పట్లో పోలీసులకు అనుమానం వచ్చింది. టైరు పేలిందేమో అని కూడా అన్నారు. ఆ డ్రైవర్‌కి ఈ జబ్బు ఉందని నేను చెప్పడం లేదు. నేను చెప్పేది ఆ టైమ్ గురించి. తెల్లవారుజామున ఒళ్ళు నిద్రకి బలంగా లాగుతుంది. మన దగ్గర్నుంచి బెంగళూరుకీ, చెన్నైకీ పోయే లోడ్లు రోడ్డు మీద ఉండేదీ ఆ వేళల్లోనే. దానికి తోడు ఈ జబ్బు కూడా ఉందంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అసలు ఏం జరుగుతుందంటే, నిద్రపోయినప్పుడు గొంతు వెనక కండరాలు వదులవుతాయి. కొంతమందిలో ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. కనీసం పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు ఊపిరి ఉండదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్దగా ఒక గురక, మళ్ళీ ఊపిరి. గంటకి ఐదు సార్ల నుంచి ఇలా జరిగితే డాక్టర్లు జబ్బుగా లెక్క మొదలుపెడతారు. 30 దాటితే తీవ్రమైనది. అంటే ప్రతి రెండు నిమిషాలకి ఎవరో తట్టి లేపినట్టు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు కాదు.

అసలు చిక్కు ఏంటంటే, అలా లేచినట్టు ఆ మనిషికి గుర్తుండదు. "నాకేం, పడుకుంటే ఏనుగులా నిద్రపోతా" అంటాడు. పగలు తూగు వస్తే "పని ఎక్కువైంది" అనుకుంటాడు. టీ తాగుతాడు, కిటికీ దించుతాడు, పాటలు పెడతాడు. అవేవీ నిద్ర బాకీని తీర్చవు.

ఇప్పుడు చిన్న లెక్క. బండి 80 స్పీడులో ఉంటే సెకనుకి 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే దాదాపు 90 మీటర్లు. అంత దూరం బండి దానంతటదే పోయినట్టు. బ్రేక్ మీద కాలు కూడా పడదు.

ఇది మన రోడ్ల సమస్యే కాదు. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్‌లో ఒక రైలు 48 కిలోమీటర్ల స్పీడుతో తిరగాల్సిన మలుపులోకి 132 స్పీడుతో వచ్చి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. దర్యాప్తులో తేలింది ఏంటి? రైలు నడిపే ఆయన నిద్రలోకి జారాడు. ఆయనకి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉంది. ప్రమాదం తర్వాత టెస్ట్ చేసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలీదు.

మరి ముందే ఎవరికి తెలుస్తుంది? పక్కన పడుకునే వాళ్ళకి. అంటే అమ్మకి, మీకు. మీ చేతిలో ఫోన్ ఉంది కదా, దాన్ని దీనికి వాడండి. ఆయన గాఢంగా నిద్రపోయాక పది, పదిహేను నిమిషాలు వీడియో తీయండి. ఛాతీ కనిపించాలి, సౌండ్ వినిపించాలి. గురక మధ్యలో ఆగిందా? ఛాతీ కదులుతున్నా గాలి రావట్లేదా? తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు లేచాడా? బీపీ ఉండటం, పొద్దున లేస్తే తలనొప్పి, మెడ లావుగా ఉండటం, సిగ్నల్ దగ్గర ఆగినా తూగడం, ఇవీ చూడండి. సన్నగా ఉన్నంత మాత్రాన రాదని కాదు. రాత్రి మందు తాగితే ఇంకా ఎక్కువవుతుంది. ఆ వీడియో ఆయనకే చూపించండి, స్టేటస్ పెట్టకండి! "నాయనా, గురక గురించి కాదు, నీ ఊపిరి ఆగుతోంది చూడు" అనండి. నవ్వితే కోపం వస్తుంది, చూపిస్తే ఆలోచిస్తాడు.

తర్వాత ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి గానీ, ఈఎన్‌టీ దగ్గరికి గానీ తీసుకెళ్ళండి. కుప్పం వాళ్ళకి పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, మిగతా వాళ్ళకి తిరుపతి ఉంది. నిద్ర పరీక్ష చేస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒక రాత్రి ఒంటికి వైర్లు పెట్టి ఊపిరి, ఆక్సిజన్ కొలుస్తారు. నొప్పి ఉండదు. జబ్బు ఉందని తేలితే సీప్యాప్ అనే చిన్న మిషన్ ఇస్తారు. మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకోకుండా పెడుతుంది. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కోలిన్ సల్లివన్ బయటికి తెచ్చిన పద్ధతి ఇది. రోజూ పెట్టుకుంటే చాలామందికి పగటి తూగు బాగా తగ్గుతుంది. బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం కూడా సాయపడతాయి.

"డాక్టర్‌కి చెప్తే పని పోతుంది" అని భయపడే వాళ్ళున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. లోడు దింపితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. కానీ వైద్యం చేయించుకున్న డ్రైవర్ మళ్ళీ బండి ఎక్కగలడు. చేయించుకోని డ్రైవర్ ఎదురొచ్చే బైకు వాళ్ళనీ కలిపి ప్రమాదంలో పెడుతున్నాడు. ట్రీట్‌మెంట్ కుదిరేదాకా రాత్రి ట్రిప్పులు మానిపించండి. తూగు వచ్చిందంటే పెట్రోల్ బంకులో ఆపి ఇరవై నిమిషాలు పడుకోమనండి. అది ఆ పూటకే, వైద్యం కాదు.

ఈ రాత్రికే చేయండి. ఆయన పడుకున్నాక ఫోన్ పక్కన పెట్టి రికార్డ్ నొక్కండి. ఈ వీడియోని మీ ఊరి డ్రైవర్ల గ్రూపులో పంపండి. జాగ్రత్తగా ఉండండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.