పింఛను సరే, పనేది? చదువేది?
(తుళ్లూరు దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాజధాని కావాలా వద్దా అని వాదులాడటానికి మేం ఇక్కడికి రాలేదు. ఆ వాదన భూమి ఉన్నోళ్లు ఏళ్ల తరబడి చేస్తానే ఉన్నారు. సెంటు భూమి లేనోళ్ల సంగతి మాట్లాడుకోటానికి వచ్చాం.

ఈ నల్లరేగడిలో పత్తి తీసిందెవరు? మిరప కోతలకి పోయి, చేతులు మండి, రాత్రిళ్లు నిద్రపట్టక మజ్జిగలో చేతులు పెట్టుక్కూర్చుందెవరు? 2015లో ఈ 29 ఊళ్లలో దాదాపు 34 వేల ఎకరాలు భూసమీకరణలోకి పోయినాయి. పట్టాదారుకి ప్లాట్లు రాశారు, ఏటేటా కౌలు రాశారు. అసైన్డ్ భూమి దున్నుకునే మనోడికి మొదటి లెక్కలోనే తక్కువ గజాలు రాశారు. పక్కపక్క చేలు, ఒకటే మట్టి! ఇక భూమే లేని కూలి కుటుంబానికి నెలకు 2500 రూపాయలు, పదేళ్లు అన్నారు. లెక్కేయండి. రోజుకి 83 రూపాయలు, ఇంటిల్లిపాదికీ కలిపి. తర్వాత పెంచుతామన్న మాటలూ విన్నాం. ఎంత పెంచినా అది పోయిన పనికి సరిపోదు.

ఆ పింఛను ఒక్కటే మన చెవిన పడింది. 2015 జనవరి 1 నాటి జీవో ఎంఎస్ నంబరు 1లో ఇంకేం రాశారో వినండి. 2014 డిసెంబరు 8 నాటికి ఇక్కడ కాపురమున్న వాళ్లకి ఉచిత విద్య, ఉచిత వైద్యం. ఉపాధి హామీలో కుటుంబానికి ఏడాదికి 365 రోజుల దాకా పని. కౌలుదార్లకూ వ్యవసాయ కూలీలకూ స్టైపెండు ఇచ్చి పని నేర్పటం. పేద కుటుంబం సొంత పని పెట్టుకోటానికి 25 లక్షల దాకా వడ్డీ లేని అప్పు.

365 రోజులు పని చూసినోళ్లు చెయ్యెత్తండి. మాకు ఒక్క చెయ్యీ కనపడటం లేదు. మన ఆడోళ్లు తెల్లారకుండానే ఆటోల్లో కుక్కుకుని సమీకరణ లేని ఊళ్లకి కోతలకి పోతున్నారు. ఇక్కడ లేచే మేడలకి మేస్త్రీలు వేరే రాష్ట్రాల నుంచి ముఠాల్ని తెస్తున్నారు. రేకుల షెడ్లలో ఉండే ఆ మనుషులూ పేదోళ్లే, వాళ్ల మీద మనకి కోపం లేదు. మనకి మాత్రం ఊడ్పు, కాపలా, మొక్కలకి నీళ్లు. ఆ పని నీచమని మేం అనం. మన పిల్లోడు డిగ్రీ చదివినా ఆ పనికే గుర్తుకొస్తున్నాడేంటని అడుగుతున్నాం.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 16(4) సర్కారు ఉద్యోగానికే వర్తిస్తుంది. కంపెనీ గేటు దాటి లోపలికి రాదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకని 2019లో మన రాష్ట్రం చట్టం చేసింది. అందులో స్థానికుడున్నాడు గానీ దళితుడి వాటా లేదు. చదువు సంగతి వేరు. 2005లో 93వ సవరణతో వచ్చిన 15(5) ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా మనకి సీట్లు కేటాయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 2017లో నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం, ఐనవోలులో విట్ విశ్వవిద్యాలయాలు తెరిచారు. వాటికి ప్రభుత్వమే భూములిచ్చింది. భూమి ఇచ్చిన ప్రభుత్వాన్ని సీట్లు అడగటం తప్పెట్లా అవుద్ది? చిన్నపిల్లలకైతే 2009 విద్యాహక్కు చట్టం 12(1)(సి) ఉంది. ప్రైవేటు బడి ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనకబడ్డ పిల్లలవి, ఎనిమిదో తరగతి దాకా ఫీజు లేకుండా.

పనీ చదువూ విడివిడి సంగతులు కావని మన జిల్లాకి చుండూరు ఎప్పుడో చెప్పింది. 1991 జూలైలో సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు తగిలిందన్నది సాకు. ముందు మనోళ్లకి పొలం పనులు బంద్ చేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. చదువుకున్నోడు తలెత్తాడని కోపం, కూలి మానిపిస్తే లొంగుతాడని లెక్క.

కాబట్టి పని మొదలెడదాం. జీవోలో రాసిన ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క అర్జీ. 365 రోజుల పని మా వాడలో ఎంతమందికి ఇచ్చారు, శిక్షణ ఎంతమందికి ఇచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేదరిక రేఖకి దిగువనున్న వాళ్లకి రుసుము లేదు. రేపు కోతలకి ఆటో ఎక్కే ముందు రేషన్ కార్డు జిరాక్సు, పిల్లల కులపత్రం మన కుర్రాళ్ల చేతికివ్వండి, వాళ్లు రాస్తారు. సంతకం వచ్చినోళ్లు సంతకం పెట్టండి, రానోళ్లు వేలిముద్ర వేయండి. రసీదు చేతికి రాకుండా మాత్రం ఆఫీసు మెట్లు దిగొద్దు.

జై భీమ్.