తులసివనంలో గంజాయి మొక్క



ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే మనం పక్కింటివాళ్ళకు చెప్పుకుంటాం. వాడికి గంజాయి అలవాటైతే మాత్రం తలుపులు మూసేసుకుంటాం. ఈవేళ ఆ మూసిన తలుపు గురించి రెండు మాటలు చెబుతాను. నేను డాక్టరును కాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. మా ఇంట్లో జరిగిందే చెబుతున్నాను సుమా!

మా అక్కయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. మార్కులు తగ్గాయి, కళ్ళు ఎర్రబడుతున్నాయి, బీరువాలో డబ్బు మాయమవుతోంది. రాత్రుళ్ళు చదివి అలసిపోతున్నాడు కాబోలనుకున్నాం. ఒకరోజు వాడి సంచీలో పొట్లం దొరికింది. బావగారు చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, మేడమీద గదిలో పెట్టి తాళం వేశారు. ఇరుగుపొరుగు అడిగితే ఏం చెప్పాలి? “పచ్చకామెర్లు” అని చెప్పాం. ఆ అబద్ధం అల్లింది ఎవరో కాదు, నేనే.

ఇక చూడండి! ఒకావిడ నేల ఉసిరి రసం తెచ్చింది. ఇంకొకావిడ చెరకు రసం పంపింది. ఎదురింటి మామ్మగారు వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టారు. వారం తిరక్కుండా నిజం బయటపడింది. మర్నాటినుంచి మా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. “తులసివనంలో గంజాయి మొక్క” అన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే మాట అనేదాన్ని.

లోపల పిల్లవాడికి నిద్ర లేదు, తిండి సయించదు, అరుపులు. పిచ్చెత్తిందనుకుని బావగారు గొలుసు కోసం వెతికారు. అక్కయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చుని, “ముందు నన్ను కట్టెయ్యండి” అంది. ఆ పూటే ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళాం.

డాక్టరుగారు చెప్పిన మాటలు మీరూ గుర్తుంచుకోండి. రోజూ గంజాయి తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదలవుతాయి. మొదటి వారం మరీ ఎక్కువగా ఉండి, చాలామందిలో రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. అది పొగరూ కాదు, దయ్యమూ కాదు. గంజాయి అలవాటును మాన్పించే మాత్ర ఇంతవరకు లేదు. ఓపికగా మాట్లాడి దారికి తెచ్చే కౌన్సెలింగే అసలు వైద్యం. మానినవాడు మళ్ళీ జారవచ్చు. అంతమాత్రాన వైద్యం దండగ అనుకోకూడదు.

తిరిగి వస్తుంటే ఆటోలో వాడు నన్నడిగాడు: “పిన్నీ, నాకు నిజంగా కామెర్లే వచ్చుంటే నాన్న కొట్టేవాడా?” ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

పోలీసుకేసవుతుందని మనకు భయం. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం అమ్మేవాళ్ళకు కఠినశిక్షలు పెట్టింది నిజమే. కాని అలవాటుపడి, వాడుకున్నందుకో, కొద్దిపాటి సరుకు దగ్గర ఉన్నందుకో కేసులో ఇరుక్కున్నవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చేరి వైద్యం పూర్తిచేసుకుంటే, ఆ కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షను, 64ఎ, అందులోనే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితిని జబ్బుల్లోనే చేర్చింది, రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చట్టం తెరిచిపెట్టిన తలుపును పరువు కోసం మనమే మూస్తున్నాం. 2019లో కేంద్రప్రభుత్వం వెల్లడించిన సర్వే ప్రకారం, మాదకద్రవ్యాలకు బానిసలైనవాళ్ళలో 20 మందికి ఒక్కరే ఆస్పత్రిలో చేరి వైద్యం పొందారు. మిగతా 19 మంది ఎక్కడున్నారంటారు? ఎందరు మేడమీద గదుల్లో ఉన్నారో!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊరూరా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ళు తమ ఇంటి బాధను దాచుకోలేదు, నలుగురిలో చెప్పుకున్నారు. ఆ కోపం అమ్మేవాడిమీద చూపించారు. మనమో, అమ్మేవాణ్ణి వదిలేసి పిల్లవాణ్ణి వెలివేస్తున్నాం.

మావాడు నాలుగు నెలలు బాగుండి, ఒకసారి జారాడు. మళ్ళీ తీసుకువెళ్ళాం. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. రేపటి మాట నేను చెప్పలేను. అయితే గదికి తాళం మాత్రం లేదు.

చీడ పట్టిందని తులసి మొక్కను పీకి పారేస్తామా? మందు చల్లుతాం, మళ్ళీ నీళ్ళు పోస్తాం. మీ ఇంట్లో ఇలాంటి కష్టం ఉంటే 14446 నంబరుకు ఫోను చేయండి, పైసా ఖర్చు లేదు. మీ ఇంట్లో కాక పక్కింట్లో ఉంటే, ఆ తల్లిని ఏమీ అడక్కండి. ఒక గిన్నెలో కాస్త చారన్నం తీసుకువెళ్ళి తలుపు తట్టండి.

సెలవు.