మేడ మీద ఐదు పెట్టలు, ఒక పుంజు
(వాషర్‌మెన్‌పేట్‌లో యవ్వనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం కోళ్ల పెంపకం గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. ప్రభువు యెరూషలేమును చూసి దుఃఖించినప్పుడు తనను పోల్చుకున్నది సింహంతో కాదు, పిల్లలను రెక్కల కింద చేర్చుకునే కోడితో. అందుకని మాకేమీ సిగ్గు లేదు.

కంపెనీ దొరల కాలంలో ఎగుమతి బట్టలు ఉతికి తెల్లగా చేసిన చాకలివారి వల్ల మన పేటకు ఈ పేరు వచ్చింది. ఇప్పుడు ఇక్కడ ఒక చీర ఆరేసుకోవాలన్నా చోటు వెతకాలి. అటువంటి చోట మాలో నాలుగు కుటుంబాలం మేడ మీద నాటుకోళ్లు పెంచుతున్నాం. మేడ మనది కాకపోతే ఇంటివారిని ముందే అడగాలి. పక్కింటివారినీ అడగాలి, ఎందుకంటే పుంజు తెల్లవారుజామున నాలుగింటికే కూస్తుంది. మొదటి గుడ్లు వాళ్లింటికే పంపండి.

వీధిలో రంగులు వేసిన కోడిపిల్లలు అమ్ముతారు కదా, పిల్లలు ఏడ్చి కొనిపించుకుంటారు. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో పుట్టిన మగపిల్లలు. గుడ్డు పెట్టవు, మాంసం పెద్దగా పట్టవు గనుక చౌకగా వదిలించుకుంటారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ మంచి కోళ్లే. అయితే అవి సంకర జాతులు. వాటి గుడ్లు పొదిగించినా తల్లి గుణాలు పిల్లలకు పూర్తిగా రావు, పైగా అవి సరిగ్గా పొదుగుకు కూర్చోవు. ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవలసిందే. నాటు పెట్ట ఏడాదికి 60 గుడ్ల దాకానే పెడుతుంది, కానీ తన పిల్లల్ని తానే లేపుతుంది. పేదవాడికి ఆ తేడా పెద్దది.

మొదలుపెట్టేవారికి ఐదు పెట్టలు, ఒక పుంజు చాలు. ఒక్క పుంజు ఎనిమిది పది పెట్టలకు సరిపోతుంది. అదే పుంజును ఏళ్ల తరబడి ఉంచితే కూతుళ్లతోనే జతకట్టి, పిల్లలు బలహీనమవుతాయి, గుడ్లు పొదగవు. అందుకే ఏడాదికోసారి మేము పుంజుల్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చుకుంటాం. ఒక్క ఇల్లు ఒంటరిగా చేయలేని పనుల్లో ఇది మొదటిది.

పొదుగుకు ఉంచే గుడ్లు వారం దాటకూడదు. సన్నని కొన కిందికి పెట్టి, తడి ఇసుకలో కుదురుకున్న మట్టికుండలో ఉంచండి. మన చెన్నై ఎండలకు బయట పెట్టిన గుడ్డులో కోడి కూర్చోకముందే పిండం కదలడం మొదలై, మధ్యలో చచ్చిపోతుంది. మేము మే నెలలో 12 గుడ్లు పెడితే మూడే పిల్లలయ్యాయి. పెట్ట మీద నింద వేశాం గానీ తప్పు మాదే. అప్పటినుంచి ఎండాకాలం గుడ్లు పిల్లలకు వండిపెడతాం. సెలవుల్లో బడి భోజనంలో వచ్చే గుడ్డు ఉండదు కదా.

పెట్ట పొదుగుకొచ్చిందంటే గూడు వదలదు, ముట్టుకుంటే ఈకలు విప్పి గుర్రుమంటుంది. చీకటిపడ్డాక దాని కింద 10 నుంచి 12 గుడ్లు పెట్టండి. అంతకుముందే పేలు లేకుండా చూడండి, పేలు కుడితే అది లేచిపోతుంది. ఏడో రోజు రాత్రి గుడ్డును సెల్‌ఫోన్ లైటు ముందు పెట్టి చూస్తే ఎర్రని నరాలు కనబడతాయి. ఏమీ కనబడనివి తీసేయండి. 21వ రోజుకు పిల్లలు వస్తాయి. కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది గనుక మొదటి రోజు మేత లేకపోయినా ఫరవాలేదు. తర్వాత సన్న నూకలు, లోతులేని పళ్లెంలో నీళ్లు. వానాకాలం పిల్లలు తడవకూడదు. మిచాంగ్ తుపాను వచ్చిన 2023 డిసెంబరు మన పేటలో ఎవరూ మరచిపోలేదు. గూడు నేలకు ఎత్తుగా ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. కొక్కెర తెగులు, దాన్నే రాణిఖేత్ అంటారు, వచ్చిందంటే మందు లేదు. మెడ తిప్పుకుంటూ, పచ్చగా విరోచనమై, రెండు మూడు రోజుల్లో గూడంతా ఖాళీ అవుతుంది. టీకా ఒక్కటే దారి: మొదటి వారంలో లసోటా ఒక చుక్క కంట్లో వేయాలి, నాలుగో వారంలో మళ్లీ, రెండు నెలలకు రెక్క కింద సూది. టీకా ఖరీదు ఎక్కువేమీ కాదు. చిక్కేమిటంటే, ఒక సీసా సాధారణంగా 100 కోళ్లకో అంతకంటే ఎక్కువకో సరిపడా వస్తుంది. ఐసులో పెట్టి తేవాలి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇల్లు సీసా తెచ్చి తొంభై చుక్కలు పారబోయడమెందుకని మానుకుంటుంది.

మేమూ అలాగే మానుకున్నాం. ఒక సంవత్సరం ఒకే వారంలో మూడిళ్లలో 31 కోళ్లు పోయాయి. మాలో ఒకామె ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో పెంచుకున్న మంద అది. ఆమె ఏడ్చిన రోజునే నిర్ణయించుకున్నాం, ఇకనుంచి అందరి పిల్లలకూ ఒకేరోజు టీకా అని. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఇప్పుడు వేపేరిలో ఉంది, మనకు దూరం కాదు. వెళ్లి సలహా అడగండి. చచ్చిన కోడిని కోసుకు తినకండి, చౌకగా అమ్మకండి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. కోళ్లను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇంకొక మాట. అమెరికాలో బ్రెదరెన్ సంఘానికి చెందిన డాన్ వెస్ట్ అనే రైతు, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆకలిగొన్న పిల్లలకు పాలు పంచుతూ, గ్లాసు పాలకు బదులు ఆవునే ఇస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1944లో మొదటి విడతగా 17 పడ్డలు ప్యూర్టోరికోకు వెళ్లాయి. ఆవు అందుకున్న కుటుంబం మొదటి ఆడదూడను మరో కుటుంబానికి ఇవ్వాలన్నది షరతు. ఆ పద్ధతే మేము కోళ్లకు పెట్టుకున్నాం. మొదటి పొదుగులో రెండు పెట్టలు మరో ఇంటికి. పెట్టో పుంజో తెలియాలి గనుక రెండు నెలలు ఆగి, సూది వేయించాకే ఇస్తాం. పుంచుకునేటప్పుడు తగాదాలు రాలేదని చెప్పం. బలహీనమైన పిల్లనే పక్కింటికి పంపాలని మనసు లాగుతుంది, మాకూ లాగింది. ఇప్పుడు పుచ్చుకునేవారే వచ్చి ఏరుకుంటారు.

వచ్చే శనివారం సాయంత్రం చల్లబడ్డాక చుక్కలు వేస్తాం. మీ ఇంట్లో ఎన్ని పిల్లలున్నాయో, ఎన్ని రోజులవో కాగితం మీద రాసి ఈ రాత్రే ఇచ్చి వెళ్లండి. ఒక సీసా చాలుతుందో, రెండు తేవాలో చూసుకోవాలి. గంప మీరే తెచ్చుకోండి.